ఎండను నిలవేసిన పెట్టె



పొద్దున్న లేవగానే మన ఇళ్ళల్లో మొదటి పని నీళ్ళు కాచడం. పసిపిల్లకి వేణ్ణీళ్ళు, అత్తగారికి వేణ్ణీళ్ళు, ఆఫీసుకెళ్ళే వారికి వేణ్ణీళ్ళు. కట్టెలైనా, గ్యాసైనా, కరెంటైనా కాలేది మన డబ్బే. పైన డాబా మీద ఎండేమో ఊరికే పోతోంది. పోనీ, ఎండలో బిందె పెడితే సరిపోదా అంటారేమో. పెట్టి చూడండి. మధ్యాహ్నానికి గోరువెచ్చనవుతాయి, పొద్దుగూకేసరికి చల్లారిపోతాయి. ఎండవేడిని పట్టడం తేలికే. పట్టినదాన్ని జారిపోకుండా చూడటమే కష్టం. ఈ కష్టం తీరడానికి సుమారు 140 ఏళ్ళు పట్టింది మరి!

1767లో జెనీవా నగరంలో సొస్యూర్ అనే శాస్త్రజ్ఞుడు గాజుపెట్టెలు ఒకదానిలో ఒకటి అమర్చి, నల్లటి అడుగు మీద పెట్టి ఎండలో ఉంచాడు. నలుపు ఎండను పీల్చుకుని వేడెక్కుతుంది. వెలుగును రానిచ్చిన గాజు, లోపల పుట్టిన వేడిని మాత్రం అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. తర్వాత ఆయన చెక్కపెట్టెకు లోపల బెరడు తొడిగి, పైన గాజుపలకలు బిగించి చూస్తే, నీళ్ళు మరిగే వేడిని కూడా దాటిందట. ఇప్పటి సోలారు హీటర్లకు ముత్తవ్వ ఆ పెట్టే.

రెండో దారి మన దేశంలోనే కనిపిస్తుంది. 1878లో బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషు ఉద్యోగి అద్దాలను ఎనిమిది పలకలుగా అమర్చి, ఎండనంతా మధ్యలో ఉన్న గిన్నె మీదికి మళ్ళించాడు. జనవరి నెలలో ఏడుగురు సిపాయిల భోజనం రెండు గంటల్లో ఉడికిందని రాసుకున్నాడు. అంటే ఎక్కువ మేర ఎండను చిన్నచోట పోగుచేయడం అన్నమాట.

ఇక స్నానాల సంగతి. అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ అనే వ్యాపారి 1891లో ఒక హీటరుకు పేటెంటు తీసుకున్నాడు. నల్లరంగు పూసిన నీళ్ళతొట్లను గాజుమూత పెట్టెలో పెట్టాడు, అంతే. భార్యలు వేసవికి ఊరెళితే ఇంట్లో ఒంటరిగా మిగిలిన మగవాళ్ళకు ఇది ఎంతో సుఖమని ప్రచారం చేశాడు! రోజూ నీళ్ళు కాచే ఇల్లాలికి సుఖమని మొదట తోచలేదు కాబోలు. సాయంత్రం నీళ్ళు బాగానే కాగేవి. కానీ కాగేచోటే నిలవ ఉండటంతో, రాత్రంతా ఆ గాజులోంచే వేడి పోయి తెల్లారేసరికి చల్లనీళ్ళు మిగిలేవి.

ఆ చిక్కు విప్పినవాడు కాలిఫోర్నియాలో విలియం బెయిలీ. 1909లో ఆయన కాగేచోటును, నిలవచోటును విడదీశాడు. నల్లటి రేకుకు సన్నగొట్టాలు అతికించి గాజుపెట్టెలో పెట్టాడు. దానికంటే ఎత్తున, వేడి పోకుండా చుట్టూ దట్టంగా కప్పిన తొట్టి పెట్టాడు. కాగిన నీళ్ళు తేలికై పైకి పోతాయి, చల్లనివి బరువై కిందికి దిగుతాయి. పంపు అక్కర్లేదు. తెల్లవారుజామున కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళే! 1918 నాటికి 4,000కు పైగా అమ్ముడయ్యాయి.

మరి ఏమైపోయాయి? 1920ల్లో అక్కడ చవకగా గ్యాసు దొరికింది. వస్తువులో లోపం లేకపోయినా వ్యాపారం చితికిపోయింది. 1973లో చమురు ధరలు మండిపోయాక చాలా దేశాలకు మళ్ళీ సూర్యుడు గుర్తుకు వచ్చాడు. ఆ దశకంలోనే గాజుగొట్టాల రకం బజారులోకి వచ్చింది. అది మన ఫ్లాస్కు లాంటిదే. రెండు గాజుపొరల మధ్య గాలి తీసేస్తారు, గాలి లేనిచోట వేడి తప్పించుకోవడం కష్టం. అద్దాల దారి కూడా ఆగిపోలేదు. 2002లో తిరుమలలో 106 పెద్ద పళ్ళేల్లాంటి అద్దాలతో ఆవిరి పుట్టించి, రోజుకు 15,000 మందికి వండగల ఏర్పాటు చేశారు.

వంటకూ ఆవిరికీ అద్దాలు, స్నానానికి రేకు రకమో గొట్టాల రకమో చాలు. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువైతే రేకు రకంలోని సన్నగొట్టాలు పూడుకుపోతాయి, అది చూసుకోండి. కొనబోయే ముందు మాత్రం, "ఎంత వేడెక్కుతుంది?" అని కాదు, "తెల్లారేదాకా వేడి నిలుస్తుందా?" అని అడగండి. బెయిలీ జవాబు చెప్పింది ఈ ప్రశ్నకే. పొద్దున్నే లేచే ఇల్లాలికి కావలసిందీ ఆ జవాబే.