వేసేముందు మనల్ని అడిగారా? – నియమాలు, రుసుములు, మన మాట



అడవిలో పుట్టి పెరిగిన మనకు కట్టుబాటు కొత్త కాదు. కొత్తల పండుగ చేయనిదే కొత్త పంట ముట్టం. గూడెం జాతరకు ఇంటింటికీ చందా వేసుకుంటాం. తగాదా వస్తే తప్పు చేసినవారు దండుగ కడతారు. అయితే వీటిలో ఏదీ పైనుంచి ఊడిపడింది కాదు. నలుగురూ కూర్చుని, మాట్లాడుకుని, ఒప్పుకున్నవే. గోండు గూడేల్లో పంచ్ కూర్చున్నా, రాయ్ సెంటర్‌లో పెద్దలు సమావేశమైనా పద్ధతి ఇదే. ఎవరి మీద భారం పడుతుందో వారి మాట ముందు వింటారు.

కాబట్టి మన చరిత్రను పన్నుల వైపు నుంచి చదివితే ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ఎంత వేశారన్నది తర్వాతి సంగతి. వేసేముందు మనల్ని అడిగారా? ఈ వ్యాసంలో ఆ ప్రశ్న వెంటే నడుద్దాం.

చిగురుపన్ను

గోదావరి ఏజెన్సీలోని రంప ప్రాంతంలో కొండరెడ్లు, కోయలు జీలుగు చెట్టు కల్లు తీసుకుని తాగడం తాతల నాటి అలవాటు. ఎండాకాలంలో తిండి కరువైనప్పుడు చాలా ఇళ్లకు అదే ఆధారం. ఇంగ్లీషు ప్రభుత్వం తెచ్చిన కొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటి వాడకానికి తీసుకునే కల్లుకు కూడా అడ్డం పడ్డాయి. కల్లు ఆదాయాన్ని మైదానం నుంచి వచ్చిన గుత్తేదార్లకు కౌలుకిచ్చారు. దానిపైన రంప మన్సబ్దారు ‘చిగురుపన్ను’ పేరుతో మరో భారం వేశాడు. ఇంకా పెద్ద పన్ను రాబోతోందన్న మాట కొండలంతా పాకింది. ఎదురుతిరిగితే కోర్టు, కోర్టంటే అప్పు, అప్పంటే పశువులూ పంటా జప్తు.

1879 మార్చిలో రంప భగ్గుమంది. కొద్ది నెలల్లోనే ఆ మంట విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ, భద్రాచలం తాలూకా రేకపల్లికీ చేరింది. రేకపల్లి కథ కొంచెం వేరు. ఆ ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసు పాలన కిందికి మారింది. పాలన మారగానే పోడు మీద శిస్తు పెరిగింది, కొన్ని అడవులు పోడుకు మూతపడ్డాయి. గీత ఎక్కడో కాగితం మీద మారింది, భారం మాత్రం గొడ్డలి పట్టినవాడి మీద పడింది.

తిరుగుబాటును అణచడానికి సైన్యం వచ్చింది. ఆ తర్వాతే రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ కొండలకు వచ్చి కారణాలు విచారించాడు. మన్సబ్దారు అక్రమాలు అప్పుడు రికార్డులకెక్కాయి. మన్సబ్దారును తప్పించి ముఠాదార్లతో ప్రభుత్వం నేరుగా ఒప్పందాలు చేసుకుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మనవాళ్ల మాట విన్నారు, నిజమే. కానీ ఎప్పుడు? పన్ను వేసేముందు కాదు, తుపాకులు పేలాక. వినడానికి ఒక మనిషి ముందే వచ్చి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో ఆలోచించండి.

మూడు నెలల గడువు

రంప చల్లారిన కొన్నేళ్లకే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పైకి చూస్తే అది అడగకుండా చేసే చట్టం కాదు. ఒక అడవిని రిజర్వు చేయాలంటే ముందు ప్రకటన వేయాలి. ఫారెస్టు సెటిల్‌మెంటు అధికారిని నియమించాలి. ఆయన చుట్టుపక్కల గ్రామాల్లో చాటించి, కనీసం మూడు నెలల గడువు ఇవ్వాలి. ఆ అడవిలో ఎవరికైనా హక్కు ఉంటే రాసి ఇవ్వవచ్చు, స్వయంగా వచ్చి నోటితోనైనా చెప్పవచ్చు. ఆయన విచారించి తేల్చాలి.

వినడానికి బాగానే ఉంది. కానీ ఈ విచారణకు ఇంకో కొస ఉంది. గడువులోగా చెప్పుకోని హక్కు రద్దయినట్టే లెక్క. గెజిట్ అంటే ఏమిటో తెలియని, కచేరీకి రోజుల నడక దూరంలో ఉన్న, కోయ భాషో కువి భాషో తప్ప మరోటి రాని మనిషికి మూడు నెలలు ఎంత కాలం? పైగా మన పెద్దల దృష్టిలో అడవి హక్కు అనేది అడిగి తెచ్చుకునే వస్తువే కాదు. ఊపిరి పీల్చడానికి దరఖాస్తు పెట్టమన్నట్టుగా ఉండేది వాళ్లకు.

చాలామంది వెళ్లలేదు. వెళ్లనివారి మౌనం కాగితం మీద ‘అభ్యంతరం లేదు’గా మారింది. అడవి రిజర్వయింది. ఆ తర్వాత పుల్ల విరిచినా, మేక మేసినా, పోడు కొట్టినా నేరమే. నేరానికి జరిమానా, జరిమానా పైన మామూలు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, మల్లు దొర, మన్యం జనం నడిచారంటే, ఈ అటవీ ఆంక్షలూ రోడ్డు పనుల వెట్టీ అందుకు పెద్ద కారణాలు.

పన్ను వేసేముందు అడగకపోవడం ఒక అన్యాయం. అడిగినట్టు కాగితం పుట్టించి, వినకుండా పోవడం రెండో అన్యాయం. రెండోదే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే దాని మీద మన మౌనం ముద్రగా ఉంటుంది.

జోడేఘాట్ తర్వాత

ఆదిలాబాద్ అడవులు నిజాం పాలనలో ఉండేవి. అక్కడా ఇదే కథ. అడవుల చుట్టూ రిజర్వు గీతలు గీశారు. గీత లోపల పడిన గూడేలను ఖాళీ చేయించారు. పశువుల మేతకు ‘బంబ్రామ్’, పొయ్యిలో కట్టెకు ‘దూపపెట్టి’ అని పన్నులు వసూలు చేశారని మన పెద్దలు నేటికీ చెబుతారు. జల్, జంగల్, జమీన్ మీద మా హక్కు మాదేనని కుమ్రం భీం నిలబడ్డాడు. 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల తుపాకులకు నేలకొరిగాడు.

అప్పుడుగానీ హైదరాబాదుకు వినాలని తోచలేదు. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు గూడేల్లో ఉండి, మాట్లాడి, నివేదికలు రాశాడు. 1943లో మార్లవాయిలో గోండి పిల్లలకూ ఉపాధ్యాయులకూ చదువు మొదలైంది. వేలమందికి భూమి పట్టాలు వచ్చాయి. ఆదివాసీ ప్రాంతాలకు వేరే నియమావళి కూడా రూపొందింది. రంపలో జరిగినట్టే ఇక్కడా రక్తం ముందు, విచారణ వెనక.

రాజ్యాంగంలోని ఒక వాక్యం

1950లో ఈ క్రమం తలకిందులైంది. కనీసం కాగితం మీద. రాజ్యాంగం ఐదో షెడ్యూలు షెడ్యూల్డు ప్రాంతాలున్న రాష్ట్రాల్లో గిరిజన సలహా మండలి ఉండాలని చెప్పింది. ఇరవై మందికి మించకుండా సభ్యులు, వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది గిరిజన శాసనసభ్యులు. మండలి ఉన్నచోట దాన్ని సంప్రదించకుండా గవర్నరు ఆ ప్రాంతానికి రెగ్యులేషన్ చేయడానికి వీల్లేదు. ముందు అడుగు, తర్వాత రాయి అన్న మాట మొదటిసారి దేశ ప్రధాన శాసనంలో చేరింది. మనం ‘1/70’ అని పిలుచుకునే భూబదలాయింపు నిషేధ చట్టం ఈ ఐదో షెడ్యూలు అధికారంతోనే వచ్చింది. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో బిగించిన రూపం అది. ఆ చట్టం బలంతోనే 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని తీర్పు చెప్పింది.

అయితే సలహా మండలి రాజధానిలో కూర్చుంటుంది. గూడెం మాట ఎక్కడ? దానికి జవాబు 1996 డిసెంబరులో వచ్చిన పెసా చట్టం. భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. చిన్నతరహా ఖనిజాల లీజుకు వాటి ముందస్తు సిఫారసు తప్పనిసరి. మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే అధికారం కూడా గ్రామసభకూ పంచాయతీకీ దక్కేలా రాష్ట్రాలు చూడాలి. ఒకసారి 1879ని గుర్తు తెచ్చుకోండి. ఏ కల్లు మీద గుత్తేదారుకు పెత్తనం ఇచ్చారో, ఆ సంగతి తేల్చుకునే అధికారం 117 ఏళ్ల తర్వాత చట్టంలో మన గూడేల పేరు మీద పడింది.

కానీ చట్టం ఒకటి, దాన్ని నడిపే నియమాలు ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెసా నియమాలు వచ్చింది 2011లో. చట్టానికీ నియమాలకూ మధ్య పదిహేనేళ్లు గడిచాయి. నియమాలంటే గుమాస్తాల సంగతి అనుకుని వదిలేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. హక్కు చట్టంలో పుడుతుంది, నియమాల్లో నడక నేర్చుకుంటుంది.

గడువు గ్రామసభ చేతికి వచ్చింది

2006 అటవీ హక్కుల చట్టాన్ని 1882 చట్టం పక్కన పెట్టి చదవండి. అక్కడా మూడు నెలలే, ఇక్కడా మూడు నెలలే. కానీ అక్కడ క్లెయిములు పిలిచింది సెటిల్‌మెంటు అధికారి, ఇక్కడ పిలిచేది గ్రామసభ. అక్కడ గడువు దాటితే హక్కు పోయేది, ఇక్కడ అవసరమైతే కారణం రాసి గడువు పొడిగించే అధికారం గ్రామసభకే ఉంది. అక్కడ మన పెద్దల జ్ఞాపకానికి విలువ దక్కలేదు. ఇక్కడ పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అది సాక్ష్యం. పాత బావి, శ్మశానం, దేవతల చోటు కూడా సాక్ష్యాలే.

రుసుము విషయంలోనూ మలుపు వచ్చింది. 2012లో సవరించిన నియమాల ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల సేకరణపై రాయల్టీ గానీ, రుసుము గానీ, మరే ఛార్జీ గానీ ఉండకూడదు. చింతపండుకూ, ఇప్పపువ్వుకూ, తేనెకూ సుంకం కట్టిన తాతల మనవలం మనం. ఈ ఒక్క వాక్యం ఎన్ని తరాల బాకీ తీర్చిందో మనకే తెలియాలి.

అడిగితే ఏమవుతుందో మన పొరుగునే చూశాం. ఒడిశాలోని నియమ్‌గిరి కొండపై బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో పన్నెండు పల్లెల్లో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులూ ఇతర గ్రామస్థులూ తమ మాటల్లో, తమ దేవుడి కొండ గురించి చెప్పారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. తవ్వకానికి అనుమతి రాలేదు. అక్కడ తుపాకీ పేలాక విచారణ జరగలేదు. విచారణే ముందు జరిగింది.

సభకు వెళ్లేముందు

ఇక మన తరం సంగతి. ఇప్పుడు ఏ శాఖ అయినా కొత్త నియమమో రుసుమో తెచ్చేటప్పుడు, మాతృచట్టం ముందస్తు ప్రచురణ కోరితే, ముసాయిదాను గెజిట్‌లో వేయాలి. ఫలానా తేదీన పరిశీలిస్తామని చెప్పాలి. వచ్చిన అభ్యంతరాలను, సలహాలను పరిగణనలోకి తీసుకోవాలి. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టంలోనే ఈ పద్ధతి ఉంది. గనులు, ఆనకట్టల వంటి ప్రాజెక్టులకు 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద బహిరంగ విచారణ ఉంటుంది. కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ ప్రాజెక్టు చోటనే గానీ దగ్గరలో గానీ జరగాలి. చివర్లో నమోదైన విషయాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి.

ఇందులో ఒక మెలిక ఉంది, గుర్తుంచుకోండి. ఈ విచారణకు ఇంతమంది రావాలన్న కోరం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. రానివారి మౌనం మళ్లీ 1882లో లాగే కాగితమెక్కుతుంది.

అందుకే నోటీసు చూసిన రోజే పని మొదలవ్వాలి. ముసాయిదాను ఒకరు పూర్తిగా చదవాలి. గోండి, కోయ, కొలామి, కువి, ఏ గూడెంలో ఏ మాట నడిస్తే ఆ మాటలో పెద్దలకు చెప్పాలి. వేసేది పన్నా, రుసుమా అని అడగాలి. చట్టం అధికారం లేనిదే పన్ను వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. రుసుమైతే దానికి బదులుగా చేసే సేవ ఏమిటని అడిగే హక్కు మనకుంది. పన్నుకూ రుసుముకూ ఉన్న ఈ తేడాను సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో వివరించింది. సర్టిఫికెట్టుకో పర్మిటుకో ఎంత అడుగుతున్నారు, ఎవరికి మినహాయింపు ఉంది, కట్టలేనివారి గతేమిటి, ఈ ప్రశ్నలు ముందే రాసుకోవాలి.

సభలో చెప్పినదాన్ని రాసి కూడా ఇవ్వాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. చివర్లో చదివి వినిపించేదాకా లేవకూడదు. మనం చెప్పింది అందులో లేకపోతే అక్కడే చెప్పి చేర్పించాలి. కోపం ఉండవచ్చు, కానీ కోపం మినిట్స్‌లో ఎక్కదు. సర్వే నంబరు, గూడెం పేరు, ఎన్ని కుటుంబాలు, ఏ నియమం కింద అభ్యంతరం, ఇవే ఎక్కుతాయి.

రంపలోనూ జోడేఘాట్‌లోనూ ప్రాణాలిచ్చినవారిలో చాలామందికి చదువు లేదు. వారికి గెజిట్ చేరలేదు, గడువు తెలియలేదు. మనలో ఈరోజు డిగ్రీలు చదివినవారున్నారు, లా చదువుతున్నవారున్నారు, సెల్‌ఫోనులో ముసాయిదా తెరిచి చూడగలిగినవారు ప్రతి గూడెంలో ఉన్నారు. ప్రతి గూడెం నుంచి కనీసం ఇద్దరు, ఒక అక్క, ఒక తమ్ముడు, ఈ పని నెత్తిన వేసుకోవాలని మన సంఘం కోరుతోంది. తర్వాతి నోటీసు పంచాయతీ గోడ మీద అంటించిననాడు దాని ముందు నిలబడి చదివేవారు మనవాళ్లే కావాలి.