థోరాంగ్ లా మీద హుద్‌హుద్

హుద్‌హుద్ తుపానును మనం 2014 అక్టోబరు 12 దగ్గరే ఆపేసి గుర్తుపెట్టుకున్నాం. కైలాసగిరి పచ్చదనమంతా ఊడ్చుకుపోయింది, విశాఖ విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, ఊరంతా రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో మగ్గింది. మన కష్టం మనకే సరిపోయింది. ఆ తుపాను మాత్రం బలహీనపడి అల్పపీడనంగా మారి, ఉత్తరానికి నడుస్తూనే ఉంది. బంగాళాఖాతం నుంచి మోసుకెళ్లిన తేమను రెండు రోజుల తర్వాత నేపాల్‌లో అన్నపూర్ణ కొండల మీద మంచుగా కుమ్మరించింది.

అక్టోబరంటే అక్కడ కొండలెక్కేవాళ్లకు మంచి రోజులు. వానలు వెనకపడతాయి, ఆకాశం తేటపడుతుంది. అన్నపూర్ణ చుట్టూ తిరిగే దారిలో అన్నిటికంటే ఎత్తు థోరాంగ్ లా కనుమ, 5,416 మీటర్లు. పొద్దెక్కితే గాలి లేస్తుంది కాబట్టి, తెల్లవారకముందే తల లైట్లు పెట్టుకుని బయల్దేరి, కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగిపోవడం అక్కడి ఆనవాయితీ. 14వ తేదీన కూడా ఆ ఆనవాయితీనే నమ్ముకున్నారు. మంచు పడుతోంది. అయినా అన్ని రోజులు నడిచొచ్చి, ఇంకొక్క ఎక్కుడు మిగిలుండగా వెనక్కి తిరగాలంటే కాళ్లు రావు.

కనుమ మీద ఒక చిన్న టీ కొట్టు ఉంది. అది దొరికినవాళ్లంతా అందులో దూరారు. చలికి వణుకుతూ, ఒకరికొకరు ఒరుసుకుని నిలబడి, ఉండాలా దిగాలా అని తేల్చుకోలేకపోయారు. ఉంటే రాత్రికి గడ్డకట్టిపోతామన్న భయం. దిగితే ముందున్న మనిషే కనబడడు. కొందరు ఉండిపోయారు. దిగినవాళ్లు నడుంలోతు మంచులో పడ్డారు. దారి చూపే గుర్తుకర్రలు కనుమరుగయ్యాయి, వేసిన అడుగు గాలికి అక్కడికక్కడే పూడిపోయింది. పల్లమే దారనుకుని పక్క లోయల్లోకి మళ్లినవాళ్లు మళ్లీ పైకి రాలేదు.

థోరాంగ్ లా దగ్గర, ఫూ ఊరి వైపు, ధవళగిరి బేస్ క్యాంప్ వద్ద, అన్నీ కలిపి కనీసం 43 మంది పోయారు. ఇజ్రాయెల్, కెనడా, పోలండ్, స్లొవాకియా, మన దేశం వాళ్లున్నారు. నేపాలీ గైడ్లు, కూలీలు, జడలబర్రెలు కాసుకునేవాళ్లూ ఉన్నారు. నా మనసు ఆ కూలీల దగ్గరే ఆగిపోతుంది. ఇంకొకరి మూట వీపున మోస్తూ, ఇంకొకరి యాత్ర కోసం ఆ కనుమ ఎక్కినవాళ్లు వాళ్లు. విహారానికి వెళ్లలేదు, కూలికి వెళ్లారు.

తుపాను వస్తోందని తీరంలో ముందే తెలుసు. లక్షలమందిని ఖాళీ చేయించాం, అందువల్ల ఎన్నో ప్రాణాలు దక్కాయి. అదే తుపాను కబురు ఆ కొండదారిలో ఉన్న చాలామందికి చేరలేదు. చేరి ఉంటే కిందనే మానాంగ్ ఊళ్లో రెండు రోజులు ఆగేవాళ్లు. హుద్‌హుద్ మృతుల్ని మనం తలుచుకునేటప్పుడు వాళ్లనూ కలుపుకోవాలి. వాళ్లను చంపిందీ మన తీరాన్ని తాకి వెళ్లిన గాలివానే.