గేటెడ్ కమ్యూనిటీలకి ముత్తాత

ఎడిసన్ అనగానే న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది బల్బు కాదు, ఓక్ ట్రీ రోడ్డు. దోశెలు, చీరలు, గోంగూర.. అన్నీ అక్కడే మరి! ఆయన 1876లో మెన్లో పార్కులో ల్యాబు పెట్టాడు కాబట్టి, రారిటన్ టౌన్‌షిప్ అనే ఆ ఊరు 1954లో ఆయన పేరు పెట్టేసుకుంది. కానీ ఎడిసన్ మహాశయుడు తన జీవితంలో సగానికి పైగా కాపురం చేసింది అక్కడ కాదు. దానికి ఉత్తరాన వెస్ట్ ఆరెంజ్‌లో, చెట్ల మధ్య దాక్కున్న లువెలిన్ పార్క్ అనే చిన్న కాలనీలో. పేరు చూసి పిల్లలాడుకునే పార్కు అనుకునేరు. ఇవాళ మనం హైదరాబాదులో లోన్లు పెట్టి కొనుక్కుంటున్న గేటెడ్ కమ్యూనిటీలకి ఇది ముత్తాత లాంటిది.

కథ 1853లో మొదలవుతుంది. లువెలిన్ హాస్కెల్ అని న్యూయార్క్‌లో మందుల హోల్‌సేల్ వ్యాపారి. కీళ్ళనొప్పుల మనిషి. ఆరోగ్యం కోసం ఆరెంజ్ కొండ మీద ఒక పాత ఇల్లు, పొలం కొన్నాడు. ఆ ఇంటిని తీర్చిదిద్దినవాడు అలెగ్జాండర్ జాక్సన్ డేవిస్, ఆ కాలంలో పేరుమోసిన ఆర్కిటెక్టు. కొండగాలి బావుంది, న్యూయార్క్‌కి రైలు సౌకర్యం ఉంది, పట్నం పన్నెండు మైళ్ళే. ఇంకేం, హాస్కెల్ చుట్టుపక్కల భూములన్నీ కొంటూ పోయి 1857 నాటికి 350 ఎకరాలు పోగుచేశాడు.

ఇక్కడిదాకా వింటే మామూలు రియల్ ఎస్టేట్ కథే. అసలు సంగతి లేఔటులో ఉంది. గళ్ళనోటుబుక్కులా చదును చేసి ప్లాట్లు కొట్టకుండా, కొండ ఎటు వంగితే రోడ్డూ అటే వంగేలా వేశారు. ఇళ్ళ మధ్య కంచెలు వద్దన్నారు. దుకాణాలు, ఫ్యాక్టరీలు పెట్టకూడదని దస్తావేజుల్లోనే షరతు రాశారు. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో వాగు పారే 50 ఎకరాల లోయని ప్లాట్లు చెయ్యకుండా వదిలేసి, 'రాంబుల్' అని పేరు పెట్టి, అందరి తరఫునా ట్రస్టీల చేతికి అప్పగించారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు డిజైను ఖరారైంది 1858లో. అంటే ఇది దానికంటే ఒక అడుగు ముందే ఉందన్నమాట. ఇంతా చేసి కాలనీ మొదట్లో డేవిస్ ఒక రాతి కాపలా ఇల్లు కట్టాడు. లోపల కంచెల్లేవు, బయట మాత్రం గేటుంది! ఈ చమత్కారం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంతకీ ఎడిసన్ ఎలా వచ్చాడంటారా? హెన్రీ పెడ్డర్ అనే ఆయన ఒక పెద్ద బట్టల దుకాణంలో ఉద్యోగి. 1880లో ఇక్కడ గ్లెన్‌మాంట్ అనే 29 గదుల భవంతి మొదలుపెట్టాడు. జీతమెంత, ఇల్లెంత అని ఎవరికీ అనుమానం రాలేదు కాబోలు! 1884లో కంపెనీ డబ్బు నొక్కేశాడని బయటపడి, ఇల్లు దుకాణం వాళ్ళకి పోయింది. దాన్ని సామాన్లతో సహా 1886లో 1,25,000 డాలర్లకి ఎడిసన్ కొన్నాడు, కాబోయే భార్య మైనా కోసం. 1931లో ఆ ఇంట్లోనే కన్నుమూశాడు.

1887లో ఆయన కొత్త ల్యాబు పెట్టింది ఇంటికి అరమైలు దూరంలో, గేటు బయట. దాని చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. ఒక దశలో అక్కడ దాదాపు పదివేలమంది పనిచేశారు. గేటు లోపల ఫ్యాక్టరీ నిషేధం, గేటు బయట పొగగొట్టాలు. లాభం లోపలికి, పొగ బయటికి. మన కాలనీల్లో స్విమ్మింగ్ పూల్ దగ్గర కూర్చునేది మనం, గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికొచ్చేది పనమ్మాయి. నూటయాభై ఏళ్ళు దాటినా డిజైను మారలేదు.

అయినా నేను హాస్కెల్‌ని తిట్టి ఊరుకోలేను. ఆయన 1872లో పోయాడు. ఆ తర్వాత ఎన్నో మాంద్యాలు, రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చిపోయాయి. భూమి ధర ఆకాశాన్నంటింది. అయినా ఆ లోయలో అడవి అడవిగానే ఉంది. కారణం గేటు కాదని నా గట్టి అభిప్రాయం. కారణం దస్తావేజు. ఉమ్మడి భూమి ఎవరిది, దాన్ని ఏం చెయ్యకూడదు అన్నది మొదటిరోజే రాసిపెట్టారు. అప్పుడు రాసిన ఆ నాలుగు షరతులు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. మనం రాసే కోడ్ ఐదేళ్ళు బతికితే గొప్ప!

మన దగ్గరా నిబంధనలు లేవని కాదు. లేఔటు వేసినవాళ్ళు పార్కు స్థలాన్ని గిఫ్ట్ డీడ్ చేసి పంచాయతీకో మునిసిపాలిటీకో ఇవ్వాలి. ఆ తర్వాత పట్టించుకునే నాథుడుండడు. పార్కు కాస్తా ప్లాట్లవుతుంది. 2024లో హైడ్రా వచ్చి చెరువుల్లో, పార్కుల్లో కట్టడాలు కూల్చేదాకా వచ్చిందంటే, అంతకుముందు అందరం కళ్ళు మూసుకున్నట్టే కదా? అందులో అప్పు చేసి కొన్న మధ్యతరగతి వాడు మునిగాడు, అమ్మినవాడు ఎప్పుడో గట్టెక్కాడు.

అన్నట్టు, గ్లెన్‌మాంట్ ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీసు వాళ్ళ చేతిలో ఉంది. ల్యాబు దగ్గర పాస్ తీసుకుంటేనే ఆ గేటు దాటనిస్తారు. వెళితే ఇంటితో పాటు చుట్టూ ఉన్న చెట్లని కూడా చూడండి. వాటికి రక్షణ కాగితం మీద రాసుకున్న మాటే.

ఇక్కడ ఫ్లాటో విల్లానో కొనబోతున్నారా? మోడల్ హౌసులో సోఫా సంగతి తర్వాత. పార్కు ఎవరి పేర రిజిస్టరయిందో కాగితం చూపించమనండి. చూపించడానికి తటపటాయిస్తే అడ్వాన్సు జేబులోనే ఉంచుకోండి.