విదేశీ భర్త, భార్యలకు ఓసీఐ కార్డు: నిఖానామా ఒక్కటే చాలదు

మన దేశ పౌరులను పెళ్లాడిన విదేశీయులు ప్రతిసారీ వీసా లేకుండా ఇండియాకు రావాలంటే ఓసీఐ కార్డు ఉండాలి. పౌరసత్వ చట్టం 1955లోని 7ఎ సెక్షన్ ప్రకారం పెళ్లి రిజిస్టర్ అయి, దరఖాస్తు నాటికి కనీసం 2 ఏళ్లు కొనసాగి ఉండాలి. అప్పటిదాకా వీసా మీదే రావాలి.

ఖాజీ సాబ్ ఇచ్చిన నిఖానామా ఉంది కదా అని ఊరుకోవద్దు. రిజిస్టర్డ్ మ్యారేజ్ సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి నిఖా అయిన వెంటనే ఆ పని చూసుకోండి. విదేశంలో పెళ్లయితే ఆ సర్టిఫికెట్‌కు అక్కడి అపోస్టిల్ గానీ, భారత ఎంబసీ ధ్రువీకరణ గానీ కావాలి. పాస్‌పోర్టులో 'మహమ్మద్', సర్టిఫికెట్‌లో 'ఎండీ' అని ఉంటే తంటాయే, ముందే సరిచేయించండి.

దరఖాస్తుదారు గానీ, వారి తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల్లో ఎవరైనా గానీ ఎప్పుడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే కార్డు రాదు. కరాచీలో చుట్టాలున్న హైదరాబాదీ కుటుంబాలు సంబంధం మాట్లాడేటప్పుడే ఇది అడిగి తెలుసుకోవాలి.

కార్డు చేతికొచ్చాక కూడా, కొత్త పాస్‌పోర్టు తీసుకున్న ప్రతిసారీ పెళ్లి కొనసాగుతోందని డిక్లరేషన్ అప్‌లోడ్ చేయాలి. విడాకులైతే కార్డు రద్దు చేయొచ్చు. ఈ పెళ్లి ఉండగానే కార్డున్నవారు మరో నిఖా చేసుకున్నా అంతే.