సుత్తి

సుత్తి: వినేవారికి విసుగు పుట్టించే అర్థంపర్థంలేని మాట. అసలు అర్థం మేకులు, ఇనుము కొట్టే పనిముట్టు. ఒకే చోట పదేపదే పడే దెబ్బలా ఒకే మాట చెవిలో పడుతుంటుందన్న భావంతో ఈ వ్యావహారిక అర్థం ఏర్పడింది. సుత్తి కొట్టడం, సుత్తి వేయడం అన్నవి వాడుక రూపాలు.

ఈ మాటను ఇంటింటికీ చేర్చింది జంధ్యాల దర్శకత్వంలో 1982లో వచ్చిన ‘నాలుగు స్తంభాలాట’. అందులో మామిడిపల్లి వీరభద్రరావు, కురుమద్దాలి లక్ష్మీ నరసింహారావు నటించిన హాస్య సన్నివేశాలకు దక్కిన ఆదరణ అసాధారణం. వారు అప్పటినుంచి సుత్తి వీరభద్రరావు, సుత్తివేలుగానే స్థిరపడ్డారు. ఒక వ్యావహారిక పదం నటుల ఇంటిపేరుగా మారడం తెలుగులో చాలా అరుదు, ఆ పదం బలానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

విశాఖపట్నంలో రెండు అర్థాలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఓడల మరమ్మతు, ఇనుప పని జరిగే గాజువాక వైపు షెడ్లలో సుత్తి రోజూ చేతపట్టే పనిముట్టు. టీకొట్టు దగ్గర మాత్రం “ఏటీ సుత్తి, ఆపరా బాబూ” అన్న విసుగు. ‘ఏమిటి’కి బదులు ‘ఏటి’ అనడం ఉత్తరాంధ్ర పలుకుబడి.

దగ్గరి పదాల్లో సోది పాతది. చేతిలో కోల, చంకలో బుట్టతో వచ్చే ఎరుకలసాని చెప్పే జోస్యమే సోది, సోదె. ఇంటివారు శ్రద్ధగా కూర్చుని వినే ఆ మాట నేడు పనికిరాని ప్రసంగానికి పేరైంది. ఇది విచారకరమైన మార్పు. సొల్లు అంటే నోటినుంచి కారే చొంగ. సొల్లు కబుర్లు దాన్నుంచే వచ్చాయి.