తీసి పెట్టుకునే పాక్షిక కట్టుడు పళ్లు

దవడలో కొన్ని పళ్లు మాత్రమే ఊడినప్పుడు ఆ ఖాళీలను పూరించే, రోగి స్వయంగా తీసి పెట్టుకోగల కృత్రిమ దంతాల అమరికను పాక్షిక కట్టుడు పళ్లు అంటారు. ఖాళీల స్థానాన్ని బట్టి ఎడ్వర్డ్ కెన్నెడీ 1925లో చేసిన నాలుగు తరగతుల వర్గీకరణే నేటికీ ప్రామాణికం.

ఫలితం ప్రధానంగా రూపకల్పనపై ఆధారపడుతుంది. నోటి అచ్చుతో పోసిన జిప్సం నమూనాను సర్వేయర్ పరికరంపై పరీక్షించి, ఆధారపు పళ్లను, సెట్టు ఎక్కే దిశను నిర్ణయిస్తారు. సెట్టును పంటికి పట్టి ఉంచే కొక్కెం కొన పంటి ఉబ్బు కింద పట్టే లోతు కోబాల్ట్-క్రోమియం పోతకు 0.25 మి.మీ., వంచిన స్టీలు తీగకు 0.5 మి.మీ. నమలే బరువు చిగురుపై పడకుండా పంటిపై చిన్న గాడి చెక్కి, అందులో రెస్ట్ అనే చిన్న లోహపు ఆధారాన్ని కూర్చుతారు. కింది దవడలో నాలుక వైపు కడ్డీకి, చిగురు అంచుకు మధ్య కనీసం 3 మి.మీ. ఎడం ఉండాలి.

లోహపు చట్రాన్ని పోతపోసి నోటిలో సరిచూశాక, మైనంలో పళ్లు అమర్చి, మైనాన్ని కరిగించి, ఆ చోట అక్రిలిక్ ముద్ద నింపి సుమారు 74° సెల్సియస్ వేడినీటిలో గట్టిపరుస్తారు.

రాయలసీమ విషయానికి వస్తే, కర్నూలు జిల్లాలో జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. ఇక్కడి ఫ్లోరైడ్ నీటి ప్రాంతాల వారికి ఎనామిల్ గుల్లబారి ఉండవచ్చు కనుక, ఆధారపు పళ్లను మరింత జాగ్రత్తగా ఎంచుకోవాలి.