లేదా ఆ తర్వాతి వెర్షన్

తెలుగు వికీపీడియాలో ఏ పేజీ తెరిచినా అడుగున లైసెన్సు గురించి ఒక చిన్న వాక్యం ఉంటుంది. అక్కడిదాకా వెళ్ళి చదివేవాళ్ళు అరుదు. నేనైనా, ఆఫీసులో రెండు ఓపెన్ సోర్స్ లైబ్రరీల లైసెన్సులు ఒకదానితో ఒకటి పొసగక వారం రోజుల పని పారేశాకే చదివాను. ఆ వాక్యం వెనక ఎనిమిదేళ్ళ చిక్కుముడి ఉంది.

2001 జనవరిలో వికీపీడియా మొదలయ్యేనాటికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు లేవు. అవి వచ్చింది 2002 డిసెంబరులో. అందుకని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్ళ జీఎఫ్‌డీఎల్‌ని పెట్టుకున్నారు. అది సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ళ కోసం రాసిన లైసెన్సు. ప్రతి కాపీతోపాటు లైసెన్సు పాఠం మొత్తం ఇవ్వాలంటుంది. రెండొందల పేజీల మాన్యువల్‌కి అదేం బరువు కాదు. కానీ చార్మినార్ మీద ఒక పేజీ వ్యాసం ప్రింట్ తీసి పంచాలంటే? తలకన్నా తలపాగా పెద్దదవుతుంది.

2003 జులైలో మొదలైన వికీట్రావెల్‌కి కావాల్సింది సరిగ్గా అలాంటి, జేబులో పెట్టుకెళ్ళే కాగితాలే. అది క్రియేటివ్ కామన్స్ వారి ‘పేరు చెప్పండి, ఇదే షరతు మీద పంచండి’ లైసెన్సు ఎంచుకుంది. రెండు ప్రాజెక్టులూ స్వేచ్ఛగా పంచుకోవడానికి పుట్టినవే. అయినా ఇక్కడి పేరా తీసి అక్కడ అతికించడానికి లేదు. ‘నా దగ్గర తీసుకున్నది నా లైసెన్సు కిందే పంచాలి’ అని రెండూ పట్టుబడతాయి మరి. పంచుకోవడాన్ని కాపాడటానికి పెట్టిన షరతే అడ్డుగోడ అయింది.

పోనీ లైసెన్సు మార్చేద్దామంటే, ఆ రాతల హక్కులు వికీపీడియావి కావు, రాసినవాళ్ళవి. వాళ్ళలో కలంపేర్లు, ఉత్త ఐపీ అడ్రసులు, ఒక్క పేరా కలిపి మళ్ళీ కనబడనివాళ్ళు. అందర్నీ వెతికి అడగడం అయ్యే పనేనా?

దారి ఒక చిన్న మాటలో దొరికింది. వాళ్ళంతా తమ రాతల్ని జీఎఫ్‌డీఎల్ ‘ఫలానా వెర్షన్ లేదా ఆ తర్వాతి వెర్షన్’ కింద ఇచ్చారు. 2008 నవంబరులో ఫౌండేషన్ 1.3 విడుదల చేసింది. చాలామంది కలిసి రాసే ఇలాంటి సైట్లు 2009 ఆగస్టు 1లోపు క్రియేటివ్ కామన్స్‌కి మారొచ్చని అందులో ఒక క్లాజు. 2009 ఏప్రిల్‌లో ఓటింగ్ పెడితే మూడొంతుల మందికి పైగా సరేనన్నారు. జూన్‌లో అన్ని భాషల్లోనూ మార్పు వచ్చింది, 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియాతో సహా.

మార్పు మంచిదే. నాకు గుచ్చుకునేది వేరే. ఓటు హక్కు కనీసం 25 మార్పులు చేసినవాళ్ళకే. ఒక్క పేరా రాసి వెళ్ళిపోయినవాళ్ళని ఎవరూ అడగలేదు. తమ రాత రేపు ఏ షరతు మీద బతకాలో తేల్చే అధికారాన్ని, తెలిసో తెలియకో, వాళ్ళు ఏనాడో ఒక సంస్థకి ఇచ్చేశారు. లినక్స్ కెర్నల్ సరిగ్గా ఇందుకే జీపీఎల్ ‘వెర్షన్ 2 మాత్రమే’ అంది. ఆ మాట ఎవరూ మార్చలేరు, మార్చాల్సిన అవసరం వచ్చినా సరే.

వికీపీడియా విషయంలో నమ్మకం వమ్ము కాలేదు. అయినా, ఈ మధ్య మా ఊరి గుడి ఫోటోలు వికీమీడియా కామన్స్‌లో పెట్టేటప్పుడు, లైసెన్సు పాఠం మొత్తం చదివాకే బటన్ నొక్కాను.